ఏడో తలుపు

వీధిలోంచి చూస్తే మా ఇల్లు కనబడదు.
పోర్తో నగరంలో, పెద్ద మేడ పక్కన సందులోకి తిరగాలి.
ఎదురుగా మనిషొస్తే ఒకరు గోడకి అంటుకోవాలి.
రెండు వైపులా కలిపి పదకొండు తలుపులు,
చివర ఒక కుళాయి.
ఏడో తలుపు మాది.
దాని వెనక పద్నాలుగు చదరపు మీటర్లు,
నేను, జెఫెరీను,
నలభై రెండేళ్ల సామాను.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని
ఏ మగాడు కట్టాడో గాని సామెత,
ఒకసారి వచ్చి చూడమనండి,
ఇక్కడ మర్కటం మా ఆయన.
రేవులో మూటలు మోసిన భుజాలు,
పక్కకి తిరిగితేనే తలుపు పడతాయి.
అటక ఎక్కించలేను,
మంచం కిందికి తొయ్యలేను.

మొదట చేపల పెట్టెలు.
చేపల సంతలో ముసలి రొజేరియు
నాలుగు ఊరికే ఇచ్చాడు.
ఊరికే ఎందుకిచ్చాడో చలికాలంలో తెలిసింది.
ఉన్ని కోటేసుకుని చర్చికెళితే
పాదిరీ గారికి కవళ్ల పులుసు గుర్తొచ్చిందట.
వెనిగర్ పోశాం, నిమ్మచెక్కతో రుద్దాం,
ఎండలో పెట్టమన్నారు,
ఎండ ఈ ఊళ్లో అడిగినప్పుడు దొరకదు.
అయినా ఒకదానిమీద ఒకటి నిలబెట్టాం.
అడుగున బంగాళాదుంపలు, పైన దుప్పట్లు.
మధ్య పెట్టె ఇంకా మాట వినడం లేదు.

జామ్ సీసాల సంగతి మాత్రం నా బుర్రలో పుట్టింది.
మూతల్ని పలక అడుగున మేకులతో బిగించాలి,
సీసాని కిందనుంచి తిప్పాలి.
అంతే, శనగలు గాలిలో వేలాడతాయి.
పక్కన బొత్తాలు, గుండుసూదులు, దాల్చినచెక్క,
ఏ తలుపువో ఎవరికీ తెలియని తాళంచెవులు.
పారేద్దామంటే,
"రేపు ఆ తలుపు దొరికితే?" అంటాడు.

ఆల్బెర్టీన వచ్చి మెడ వెనక్కి వాల్చి చూసింది.
మర్నాటికి వాళ్లింట్లో సుత్తి మోత.
ఆదివారానికి సందంతా సుత్తి మోతే.
ఇప్పుడు కుళాయి దగ్గర జుట్లు పట్టుకునేది
నీళ్ల కోసం కాదు, ఖాళీ సీసాల కోసం.

మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాం.
సూట్‌కేసులు దూరాయి గాని
నా పాదాలు నేలకి అందవు.
అరవై ఒకటో ఏట
కాళ్లూపుకుంటూ కూర్చుంటున్నాను.

మిగిలింది అకార్డియన్.
పెట్టె పోయింది, మడతల్ని పట్టి ఉంచే పట్టీ తెగింది.
క్రేన్ గొలుసు రెండు వేళ్లు తీసుకున్న ఏడాది నుంచి
అది కుర్చీలో కూర్చుంటుంది,
మేం నిలబడి తింటాం.
అమ్మేద్దామని నేననలేదు.
టేపు తీసి ఊరికే కొలిచాను.
ఆయన లేచి సందులోకి వెళ్లి,
వర్షంలో ఒక సిగరెట్టు మొత్తం తాగాడు.

రాత్రి నిద్ర పట్టక కప్పు వైపు చూశాను.
బట్టలారేసే కప్పీ.
పొద్దున్నే తాడు మార్చాం, కొత్తది, నావికుల తాడు.
ముడి ఆయనే వేశాడు, ఎనిమిది వేళ్లతో,
నన్ను ముట్టుకోనివ్వలేదు.
ఇద్దరం లాగాం.
లేస్తూంటే మడతలు తమంతట తామే సాగాయి,
ఇరుక్కుపోయిన మీట ఒకటుంది దానికి,
ఒకే ఒక్క స్వరం, బొంగురుగా,
గదంతా నిండి
సీసాల్లో శనగల్ని కదిపింది.

తాడు వదిలేద్దుము ఇద్దరమూ.

కుర్చీ ఖాళీ అయింది.
ఎవరం కూర్చోలేదు చాలాసేపు.

ఇప్పుడు శనివారాలు దుమ్ము దులపాలని దించుతాను.
వారంలో ఎంత దుమ్ము పడుతుంది?
అయినా దించుతాను, మళ్లీ లాగుతాను.
ఆయన పేపరు చదువుతూనే ఉంటాడు,
పేజీ మాత్రం తిప్పడు.

అవతలి గోడ మీద ఆల్బెర్టీన
మూడుసార్లు కొడుతుంది:
"ఏమే, ఆ కప్పీ ఎంతకి కొన్నారు?"